వస్త్రకళా ప్రదర్శనలో బొంతలు, పొందూరు ఖద్దరు: ఎలా చూడాలి, ఏం అడగాలి

విజయనగరంలో జరిగే వస్త్రకళా ప్రదర్శనకు మీ అత్తగారితో వెళ్తున్నామని, కిందటిసారి ఇలాంటి చోటికి వెళ్తే చీరల కొట్టుకీ దానికీ తేడా కనిపించక అరగంటలో బయటకొచ్చేశామని రాశారు. లోపల ఏం చూడాలి, అసలైన పొందూరు ఖద్దరును ఎలా పోల్చుకోవాలి, గోడకు పెట్టుకునే కుట్టుబొంత కొనాలంటే ఏం సరిచూసుకోవాలి, ఇంట్లో ఉన్న అమ్మమ్మగారి బొంతను కూడా అలా వేలాడదీయొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. మీరు అడిగిన వరసలో కాకుండా హాల్లో ఎదురయ్యే వరసలో చెబుతాను.

అరగంటలో అయిపోవడానికి కారణం బొమ్మ. గుడ్డ మీద నెమలి కనిపిస్తే నెమలి అనుకుంటాం, ఏనుగైతే ఏనుగు అనుకుంటాం, పక్కదానికి జరుగుతాం. గుడ్డపనిని అలా చూస్తే ఏమీ మిగలదు. పోగు ఎలా వడికారు, నేత ఎలా పడింది, పొరల్ని ఏ కుట్టు పట్టి ఉంచింది అన్నవి చూశాక బొమ్మ దగ్గరకు రావాలి. బొంతల దగ్గరైతే మరీను. కుట్టు చదవడం వచ్చాక ఒక్కోదాని ముందు పది నిమిషాలు కూడా చాలవు.

లోపలికి వెళ్లగానే ఎక్కడా ఆగకుండా హాలంతా ఒక చుట్టు తిరిగేయండి. తిరుగుతూ నాలుగైదు ఎంచుకోండి, మిగతావాటిని వదిలేయండి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. ఎంచుకున్నదాన్ని మూడు చోట్ల నుంచి చూడాలి. మొదట పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి కళ్లు కాస్త చికిలించండి. వివరాలు మసకబారి వెలుగూ నీడల పెద్ద ఆకారాలు మాత్రమే మిగులుతాయి. కూర్పు బలంగా ఉందో లేదో అక్కడ తేలిపోతుంది. తర్వాత జానెడు దూరానికి రండి, కుట్లు, పోగులు కనిపిస్తాయి. మూడోది ఎవరూ చేయరు: గోడకు దాదాపు ఆనుకుని నిలబడి పక్కనుంచి చూడండి. ఎదురుగా చూసినప్పుడు చదునుగా కనిపించిన బొంత పక్కనుంచి మిట్టపల్లాలుగా కనిపిస్తుంది. కుట్టు పడ్డచోట గుడ్డ లోపలికి దిగుతుంది, కుట్టు లేనిచోట ఉబ్బుతుంది. కొందరు కళాకారులు రంగుతో ఒక బొమ్మ, ఈ ఉబ్బుతో ఇంకో బొమ్మ వేస్తారు. రెండోది పక్కనుంచే తెలుస్తుంది.

దీపాలు మసగ్గా ఉన్నాయని నిర్వాహకుల మీద విసుక్కోకండి. పాత వస్త్రాల మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది మ్యూజియంల లెక్క. అంతకు మించితే రంగు వెలుస్తుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. బయటి ఎండలోంచి వచ్చిన కళ్లకు ఆ వెలుగు అలవాటు కావడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఈలోగా మొదటి చుట్టు పూర్తవుతుంది. ఫోటోలకు అనుమతి ఉన్నా ఫ్లాష్ వద్దు. ముట్టుకోవద్దని బోర్డు లేకపోయినా ముట్టుకోవద్దు. చేతి చెమటలోని ఉప్పు, నూనె అప్పుడు కనిపించవు, ఏడాది తర్వాత పసుపు మరకలుగా తేలుతాయి. దగ్గరగా వంగి చూసేటప్పుడు నూనె రాసిన జడ, భుజాన వేలాడే బ్యాగు గుడ్డకు తగలకుండా చూసుకుంటే చాలు.

ఇక బొంత సంగతి. పైపొర, మధ్యలో దూది, వెనక అస్తరు, ఈ మూడింటినీ కలిపి పట్టే కుట్టు. కుట్టు లేకపోతే రెండు ఉతుకుల్లో దూదంతా ఓ మూలకు చేరుతుంది. అందుకే బొంతలో కుట్టు అలంకారం తర్వాత, ఆధారం ముందు. మన ఇళ్లలోని పాత బొంతల్లో చాలావాటికి దూది ఉండదు. అరిగి మెత్తబడిన నూలుచీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి కుట్టేస్తారు. పాతబట్టే ఎందుకంటే పొదుపు ఒక్కటే కారణం కాదు. నలిగిన నూలుబట్టలోంచి సూది అన్ని పొరలూ దాటి ఒక్క పోటులో దిగుతుంది. గంజి వదలని కొత్త బట్ట నాలుగు పొరలైతే సూది వంగుతుంది, కుట్టు పొడవవుతుంది, వేళ్లు పుండ్లు పడతాయి.

అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టండి. చిన్న స్కేలును గుడ్డకు తగలకుండా ముందు పట్టుకుని, పైన కనిపించే కుట్లు మాత్రమే లెక్కించాలి. దూది ఉన్న బొంతలో అంగుళానికి ఐదారు ఉంటే ఇంటి వాడకపు పని, ఎనిమిది ఉంటే చెయ్యి తిరిగిన పని, పది దాటితే చాలా సన్నని పని. అయితే నా దృష్టిలో సంఖ్య కన్నా సమానత్వం ముఖ్యం. అంగుళానికి ఆరే ఉన్నా మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆరే ఉంటే అది మంచి చెయ్యి. వెనకవైపు చూసే వీలుంటే తప్పక చూడండి. ముందు కుట్టు ఎంత పొడవుందో వెనకా అంతే ఉండాలి. వెనక మరీ చిన్నగా ఉన్నా, అక్కడక్కడ లేకపోయినా సూది ఏటవాలుగా దిగి అస్తరును సరిగ్గా అందుకోలేదని అర్థం. ఉతికితే ముందు విడిపోయేది అక్కడే.

చేతికుట్టా మిషన్ కుట్టా అన్నది తేలిగ్గానే తెలుస్తుంది. మిషన్‌లో పైన ఒక దారం, కింద బాబిన్ దారం ఉంటాయి. రెండూ గుడ్డ మందంలో ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. కాబట్టి రెండువైపులా సందులేని గీతలా కనిపిస్తుంది. చేతి రన్నింగ్ కుట్టులో ఒకే దారం పైకీ కిందకీ పోతుంది కాబట్టి కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీ ఉంటుంది. మిషన్ అనగానే తక్కువ చేయకండి. కళాబొంతల్లో చాలామంది మిషన్ కింది పళ్లను దించేసి, గుడ్డను చేత్తో తిప్పుతూ పెన్సిల్‌తో గీసినట్టు కుడతారు. పళ్లు గుడ్డను లాగవు కాబట్టి కుట్టు పొడవు పూర్తిగా చేతివేగం మీద, పాదంతో నడిపే మోటారు వేగం మీద ఆధారపడుతుంది. ఆ పని బాగుందో లేదో వంపుల దగ్గర చూడండి. మలుపులో చెయ్యి వేగంగా కదిలితే కుట్లు పొడవవుతాయి, వెనకవైపు దారం చిన్న చిన్న ఉచ్చులుగా బయటపడుతుంది. చెయ్యి తడబడి ఆగితే ఒకేచోట నాలుగైదు కుట్లు కుప్పపడతాయి. రెండూ లేకుండా సుడులు తిరిగిన గీత కనిపిస్తే ఆగి చూడాల్సిన పనే.

లోపాలు కూడా చదవాలి, కొనేవాళ్లకు ఇంకా అవసరం. అంచులు అలలుగా ఊగుతుంటే రెండు కారణాల్లో ఒకటి. అంచుపట్టీని కొలవకుండా కుట్టుకుంటూ పోయి చివర కత్తిరించారు, అలా చేస్తే పట్టీ ఎప్పుడూ పొడవే వస్తుంది. లేదా మధ్యలో దట్టంగా, అంచుల్లో పలచగా కుట్టారు. దట్టమైన కుట్టు గుడ్డను దగ్గరకు లాగుతుంది, మధ్య కుంచించుకుపోతే అంచు మిగిలిపోతుంది. కింద పొట్టలా జారి ఉంటే ముక్కలు ఏటవాలుగా కత్తిరించి ఉంటారు. ఏటవాలు గుడ్డ సొంత బరువుకే సాగుతుంది. వెనక అస్తరులో మడతలు చిక్కుకుని ఉంటే కుట్టేముందు కచ్చా కుట్లు (పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసేవి) సరిగా వేయలేదు. కచ్చా కుట్లు మధ్యలోంచి అంచులవైపు, బెత్తెడు దూరంలో వేసుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే గాలీ మడతలూ మధ్యలో చిక్కుకుంటాయి. త్రికోణాల మొనలు కలవకపోవడం మాత్రం తొందరపడి తప్పనకండి. ఆ వంకర ఇంకో రెండు చోట్ల కూడా కనిపిస్తే అది కావాలని చేసిందే.

బొంత మంచం దిగి గోడెక్కిన కథ కొంత తెలిసి ఉంటే మంచిది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1971లో పాత అమెరికన్ బొంతల్ని చిత్రాల్లాగా గోడలకు పెట్టింది. జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ సేకరించినవి అవి. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఎథెన్స్ అనే ఊళ్లో ఒక పాత పశువులశాలలో క్విల్ట్ నేషనల్ అనే పోటీ ప్రదర్శన మొదలైంది. కప్పుకోవడానికి కాకుండా చూడడానికే కుట్టిన బొంతలకు అది పెద్ద వేదికైంది. అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పొలంపని బట్టలు అతికి చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవి 2002లో మ్యూజియంలకు చేరాయి. మోకాళ్ల దగ్గర వెలిసిన జీన్ ప్యాంటు ముక్కే వాటిలో రంగు. మీ ప్రదర్శనలో అలాంటివి చూసి ‘ఇంతేనా, మేమూ కుడతాం’ అని మీ అత్తగారు అంటే కాదనకండి, నిజమే కావచ్చు.

మన దేశపు కుట్టుపనుల్ని పోల్చుకోవడానికి ఒక్కోదానికి ఒక్క గుర్తు చాలు. బెంగాల్ కాంథా: పాత చీరల పొరలు, చీర అంచులోంచి లాగిన రంగుపోగులతో బొమ్మలు, బొమ్మ చుట్టూ ఖాళీలో కూడా తెల్ల కుట్టు నింపడం వల్ల గుడ్డంతా సన్నగా ముడతలు పడి ఉంటుంది. బీహార్ సుజనీ: బొమ్మ అంచు గొలుసుకుట్టు, లోపల రన్నింగ్ కుట్టు, తరచుగా ఊరి కథలు. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల బొంత, కవంది: వాళ్లు బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా మధ్యకు కుట్టుకుంటూ వస్తారు, ముక్కల అంచును అప్పటికప్పుడు మడుస్తూ. నాలుగు మూలలా మడిచిన గుడ్డపువ్వులు పెట్టకపోతే బొంత పూర్తయినట్టు కాదు. ఒడిశాలోని పిప్పిలి అప్లిక్ (గుడ్డ మీద రంగు గుడ్డముక్కలు కుట్టే పని) మన శ్రీకాకుళం వాళ్లకు కొత్తేమీ కాదు, పూరీ వెళ్లే దారిలో కొట్ల నిండా గొడుగులు, చాందినీలు వేలాడుతుంటాయి. రథయాత్రలో జగన్నాథుడి రథానికి ఎరుపు పసుపు, బలభద్రుడి రథానికి ఎరుపు ఆకుపచ్చ, సుభద్ర రథానికి ఎరుపు నలుపు గుడ్డలు. అప్లిక్‌లో చూడాల్సింది పై ముక్క అంచు: లోపలికి మడిచి కుట్టారా, కత్తిరించి జిగురుతో అంటించి పైన జిగ్‌జాగ్ కొట్టారా. రెండోదాన్ని బొంతగా వాడితే కొన్ని ఉతుకుల్లో అంచుపోగులు లేస్తాయి.

ఇప్పుడు పొందూరు. మన జిల్లాల్లో ఏ వస్త్ర ప్రదర్శనైనా ఈ పేరు లేకుండా ఉండదు, ఈ పేరుతో మోసమూ అంతే. ముందు ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. చేనేత అంటే చేత్తో నేసింది, నూలు మిల్లుది కావచ్చు. ఖద్దరు అంటే చేత్తో వడికి చేత్తో నేసింది. రెండూ మంచివే, కానీ రెండు వేర్వేరు ధరలు. ‘పొందూరు చేనేత’ అని చెప్పి ఖద్దరు ధర అడిగితే, నూలు ఎక్కడ వడికిందో అడగండి.

పొందూరు పనిలో అసలు గొప్పతనమంతా మగ్గం ఎక్కకముందే ఉంటుంది. కొండపత్తి, పునాస పత్తి లాంటి పొట్టి పింజ (దూదిపోగు పొడవు తక్కువ) రకాలతో 100 కౌంటు, ఆపైన నూలు తీస్తారు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). మిల్లుకు అంత సన్న నూలు కావాలంటే పొడవు పింజ పత్తి ఉండాల్సిందే. ఇక్కడ పొట్టి పింజతో అది సాధ్యం కావడానికి కారణం శుభ్రం చేసే తీరు. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్ల వరసలు చెత్తనూ పొట్టిపోగుల్నీ ఏరేసి, మిగిలిన పోగుల్ని ఒకే దిశలో సర్దుతాయి. తర్వాత చెక్క మీద ఇనప ఊచ దొర్లించి గింజ తీస్తారు. సన్నని వింటితో ఏకి, ఏకులుగా చుట్టి, ఆరిపోకుండా అరటి డొప్పలో పెట్టుకుంటారు. వడకడం ఒకే కదురున్న రాట్నం మీద. చాలా చోట్ల ఖాదీ సంఘాలు ఎక్కువ కదుళ్ల అంబర్ చరఖాకు మారిపోయాయి, అది దూది పట్టీని యంత్రంలా లాగుతుంది. ఒంటికదురు రాట్నంలో లాగేది చెయ్యి. పోగు సన్నబడుతున్నా బలహీనపడుతున్నా వేళ్లకు తెలిసిపోతుంది.

100 కౌంటు అంటే ఎంతో ఊహకు అందాలంటే లెక్క వేయండి. 840 గజాల చిలప (నూలు చుట్ట) ఒకటి. అలాంటివి 100 కలిస్తే ఒక పౌను తూగుతుంది. అంటే కిలో నూలు విప్పితే సుమారు 169 కిలోమీటర్లు. మామూలు 40 కౌంటు నూలైతే కిలోకు 68 కిలోమీటర్లలోపే. ప్రదర్శనలో దువ్వి చూపించే స్టాల్ ఉంటే మగ్గం దగ్గర కన్నా అక్కడే ఎక్కువసేపు ఉండండి. అది మిగతా చోట్ల దొరకదు.

అమ్మే స్టాల్లో పోల్చుకోవడానికి గుడ్డను వెలుగుకు అడ్డంగా పట్టండి. చేతినూలైతే పోగు మందం ఒకచోట సన్నగా ఒకచోట లావుగా, ఏ క్రమమూ లేకుండా మారుతుంది. మిల్లు నూలు గీత గీసినట్టుంటుంది. ఈమధ్య మిల్లులు కావాలని బుడిపెలున్న నూలు తీస్తున్నాయి. అందులో బుడిపెలు ఒకే పొడవులో, ఒకే తీరులో వస్తుంటాయి, కాస్త ఓపికగా చూస్తే దొరికిపోతాయి. అంగుళం చట్రమున్న చిన్న భూతద్దం దగ్గరుంటే పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగుల్ని విడిగా చూడండి. పడుగు మిల్లుదీ పేక మాత్రం చేతినూలూ వేసి ఖద్దరని అమ్మడం ఉంది. గుడ్డ అంచుల్లో చిన్న సూదిరంధ్రాలుంటే చేనేతే అని చాలామంది చెబుతారు. నేసేటప్పుడు వెడల్పు తగ్గకుండా పట్టే ములుకుల పట్టె గుర్తులు అవి. కానీ మరమగ్గాల్లోనూ అంచును ములుకులే పట్టుకుంటాయి, గుర్తులు పడతాయి. కాబట్టి దాన్ని నమ్మకండి. అంచులో పేకపోగు కోసేసి కుచ్చుగా ఉంటే మాత్రం అది కచ్చితంగా నాడె (పేకపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) లేని మిల్లు మగ్గం. పోగు కాల్చి చూసే పరీక్ష నూలా పాలిస్టరా అన్నదే చెబుతుంది: నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి గుండవుతుంది. చేతినూలా మిల్లునూలా అన్నది అది చెప్పదు. నిబంధనల ప్రకారం ఖద్దరు అని అమ్మే గుడ్డకు ఖాదీ మార్క్ ఉండాలి, 2013 నుంచి ఆ నియమం ఉంది. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరు. రెండూ తికమక పడకండి.

జాందానీ చీర ఎదురైతే తిప్పి చూడమని అడగండి. జాందానీలో బూటీ (చిన్న పువ్వు బొమ్మ) పోగును ఆ బూటీ దగ్గరే చేత్తో తిప్పి అక్కడే ముగిస్తారు, కాబట్టి వెనకవైపు కూడా దాదాపు ముందులాగే శుభ్రంగా ఉంటుంది. ఒక బూటీ నుంచి ఇంకో బూటీకి దారాలు వేలాడుతున్నా, వాటిని కత్తిరించిన కుచ్చులు కనిపించినా అది జకార్డు (బొమ్మను యంత్రపు అమరికతో తీసే) నేత. కాకినాడ జిల్లా ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరుతో జకార్డు చీరలు విపరీతంగా వస్తున్నాయి. పొందూరులో నేసే ఖద్దరు జాందానీ సంగతి వేరు, సన్న నూలు మీద పని కాబట్టి తడిమితే బూటీ ఎత్తుగా తగలదు.

కలంకారీ దగ్గర గీత చూడండి. కలంతో గీసిన గీత మొదట్లో కాస్త లావుగా, రసం పోగైనట్టు ఉండి, పోనుపోను సన్నబడుతుంది. అచ్చు అయితే ఒకే పువ్వు అదే వంకరతో మళ్లీ మళ్లీ వస్తుంది, అచ్చుకీ అచ్చుకీ మధ్య సన్న సందో, అతివ్యాప్తో ఉంటుంది. స్క్రీన్ ప్రింటైతే అతుకు కూడా కనిపించదు, గుడ్డ వెనక తెల్లబోయి ఉంటుంది. పాత కలంకారీలు పెడితే రెండు సంగతులు గమనించండి. ఆకులు నీలంగా కనిపిస్తే చిత్రకారుడి చమత్కారం కాదు. నీలిమందు మీద పసుపురంగు వేసి ఆకుపచ్చ తెచ్చారు, పసుపు వెలుగుకు ఎగిరిపోయి నీలం మిగిలింది. నల్లగీతల వెంట గుడ్డ చిట్లి ఉంటే అది ఇనుము పని. ఇనపముక్కలు బెల్లంనీళ్లలో నానేసిన కసిం, కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. కొత్తది కొనేవాళ్లు పరుపుదుప్పటికి నలుపు దట్టంగా ఉన్నది తీసుకోకపోవడం మంచిది.

జనపనార, గోగునార పనులు కూడా ఉంటే చూడండి, నెల్లిమర్ల జూటు మిల్లు ఊరి ప్రాంతం కదా. కొనేటట్టయితే కిటికీ ఎదురుగా పెట్టవద్దు. నారలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుగుకు పసుపు తిరిగి పెళుసెక్కుతుంది.

మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లను ‘ఎన్ని రోజులు పడుతుంది’ అని అందరూ అడుగుతారు. ఏ కౌంటు నూలు, పడుగు పేక రెండూ చేతినూలేనా, అంగుళానికి ఎన్ని పోగులు, ఏ రంగు దేంతో తీశారు అని అడిగి చూడండి, మాట తీరే మారిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: పడుగు పోగుల్ని మగ్గపు అచ్చులోకి (దువ్వెనలాంటి చట్రంలోకి) ఎక్కిస్తున్నప్పుడు పలకరించకండి. ఒక్క పోగు వరస తప్పితే గుడ్డ పొడవునా గీత పడుతుంది, విప్పి మళ్లీ ఎక్కించాలి.

విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ రోజు కోట, గంటస్తంభం పరిసరాల్లో వాహనాలు కదలవు. ఉత్సవాల రోజుల్లో ప్రదర్శన చూడాలంటే ఆ మంగళవారం తప్పించి, ఉదయం తెరవగానే వెళ్లండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, అక్టోబరు 2 చుట్టూ ఖాదీ రాయితీలు ఉంటాయి, ఎంపిక కావాలంటే మొదటి రెండు రోజుల్లోనే. పొందూరు వెళ్లి చూడాలనుకుంటే విజయనగరం నుంచి పలాస వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు ఎక్కండి, చీపురుపల్లి దాటాక వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ ఆగవు, చూసుకోండి. వడకడం ఇళ్లలో జరిగే పని కాబట్టి ముందు ఖాదీ సంఘం దగ్గర అడిగి వెళ్లాలి.

గోడకు పెట్టే బొంత కొనేటప్పుడు వెనక పైఅంచున గుడ్డగొట్టం కుట్టి ఉందో లేదో చూడండి. వెడల్పు నాలుగంగుళాలు, బొంత కన్నా రెండువైపులా అంగుళం చొప్పున పొట్టిగా ఉండాలి. అందులోకి కర్ర దూర్చి, బయట మిగిలిన కొసల్ని మేకులకు తగిలిస్తారు. గొట్టాన్ని చదునుగా కాకుండా కాస్త వదులుగా కుట్టాలి. లేకపోతే కర్ర మందం ముందుకు తోసుకొచ్చి పైన గీతలా ఉబ్బు కనిపిస్తుంది. కుట్టు అస్తరునూ దూదినీ పట్టాలి, ముందువైపు రాకూడదు. రెండు మూలలకు మేకులు కొట్టి వేలాడదీస్తే బరువంతా ఆ రెండు చుక్కల మీద పడి, మధ్య జారి, మూలలు చిరుగుతాయి. కర్ర పచ్చిచెక్క అయితే దాని ఆమ్లం గుడ్డను పసుపు చేస్తుంది. వార్నిష్ వేసి బాగా ఆరనిచ్చి, ఉతికిన తెల్లగుడ్డ చుట్టండి. మన కోస్తా తేమకు వానాకాలంలో గోడలు చెమ్మ తీస్తాయి, కాబట్టి గోడకూ బొంతకూ అరంగుళం సందు ఉంచండి. పడమటి ఎండ పడే గోడ వద్దు. మూడు నాలుగు నెలలు వేలాడదీసి, అంతకాలం దించి ఉంచితే మంచిది. బిల్లు మీద కుట్టినవారి పేరు, గుడ్డ రకం, రంగు రకం రాయించుకోండి. ఉతకొచ్చో లేదో తర్వాత దాన్నిబట్టే తెలుస్తుంది.

అమ్మమ్మగారి బొంతను వేలాడదీయవచ్చు, కానీ ముందు దాని బలం చూడాలి. చదునుగా పరిచి ప్రతి రంగు దగ్గర తడి తెల్లనూలు గుడ్డను నిమిషం అదిమి పట్టండి. రంగు అంటితే నీళ్లలో ముంచకండి, వలగుడ్డ అడ్డుపెట్టి వాక్యూమ్‌తో తక్కువ వేగంలో దుమ్ము లాగడంతో సరిపెట్టండి. రంగు అంటకపోతే వెడల్పాటి తొట్టిలో, పాత దోమతెర మీద పరిచి, దోమతెరతో సహా దించి ఎత్తాలి. తడిసిన బొంతకు నీటి బరువే శత్రువు, రెండు కొసలు పట్టుకుని ఎత్తితే పాత కుట్లు వరసగా తెగుతాయి. పిండకుండా తువ్వాళ్ల మధ్య అద్ది, నీడలో చదునుగా ఆరబెట్టండి. గంజి పెట్టవద్దు. నూలును పాడుచేసే వెండిపురుగు వచ్చేదే గంజి కోసం. నాఫ్తలీన్ ఉండల్ని నమ్ముకోకండి, అవి ప్రధానంగా ఉన్నిని, పట్టును తినే చిమ్మటలకు. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. గుడ్డ చుట్టిన అట్టగొట్టానికి, కుట్టుపని ముఖం బయటికి వచ్చేలా చుట్టి, పైన ఉతికిన పంచె కప్పండి. మడతే పెట్టాల్సి వస్తే రెండు మూడు నెలలకోసారి వేరే చోట మడవండి, ఎప్పుడూ ఒకేచోట మడిస్తే ఆ గీతమీదే చిరుగుతుంది.

చిరిగిన చోట కొత్త గుడ్డ మాసిక వేయకండి, అది ఎక్కువ గట్టిగా ఉండి చుట్టూ ఉన్న పాతగుడ్డను లాగేస్తుంది. అదే కాలపు మెత్తటి పాత నూలుముక్కను వెనక పెట్టండి, లేదా అదే రంగు సన్నని వలగుడ్డను పైన పరిచి చిరుగు చుట్టూ మాత్రమే పట్టుదారంతో వదులుగా కుట్టండి. పాత అతుకులు విప్పవద్దు. గుడ్డ పొడిగా రాలిపోతుంటే మాత్రం వేలాడదీసే ఆలోచన మానేసి, లోతైన చెక్కపెట్టెలో అద్దం కింద చదునుగా పరచండి, అద్దం గుడ్డకు ఆనకుండా చుట్టూ అరంగుళం పట్టీ పెట్టించండి.